కార్పొరేటర్ మెట్టు ఎక్కితే యాడిదాకా పోవచ్చు? నెల్లూరు లెక్క ఒకటి చూద్దాం

మా కొడవలూరు నుంచి పొద్దున్నే నెల్లూరు బస్సెక్కే పిలగోళ్లు చానామందే ఉండారు. కాలేజీకి, కోచింగ్‌కి, షాపుల్లో పనికి. పగలంతా నెల్లూరులో ఉంటాం, ఓటు మాత్రం ఊళ్లో ఉంటాది. అందుకే కార్పొరేషన్ ఎలక్షన్ వస్తే మనకి పక్కింటి పెళ్లి మాదిరి. బాజాలు ఇనబడతాయి, భోజనానికి పిలుపు ఉండదు. కార్పొరేటర్ అంటే ఎవుర్రా అని అడిగితే "ఫ్లెక్సీలో దండం పెట్టుకోనుండే ఆయన" అంటారు మావోళ్లు.

ఆ ఫ్లెక్సీలో ఆయన్ని అంత తేలిగ్గా తీసేయబాకండి. మన పెన్నా నీళ్ల మీద మూడేళ్లు మంత్రిగా పెత్తనం చేసిన మనిషి ఒకప్పుడు నెల్లూరులో కార్పొరేటరే. పోలుబోయిన అనిల్ కుమార్ యాదవ్. ఆయన పార్టీ మీకు నచ్చిందా లేదా అనేది ఈడ సంగతి కాదు. ఆయన మాట తీరు నచ్చనోళ్లు మా ఊళ్లోనూ ఉండారు, నచ్చినోళ్లూ ఉండారు. ఒక డివిజన్ నుంచి బయల్దేరిన మనిషి ఎట్ట పైకి పొయ్యాడు, యాడ జారాడు, ఆ దారి మనబోటోళ్లకి ఇంకా తెరిచే ఉండాదా అనేదే నేను చెప్పాలనుకున్నది.

ముందు కార్పొరేటర్ అంటే ఏందో చూద్దాం. మన ఊళ్లో వార్డు మెంబర్ ఉంటాడు గదా, పట్నంలో ఆయన లాంటోడే కార్పొరేటర్. నెల్లూరు 2004లో మున్సిపాలిటీ నుంచి కార్పొరేషన్ అయింది. ఇప్పుడు 54 డివిజన్లు. డివిజన్‌కి ఒకరు. కాలవలో పూడిక తియ్యలేదన్నా, వీధి లైటు ఎలగలేదన్నా, కుళాయిలో నీళ్లు రాలేదన్నా జనం ముందు ఆయన ఇంటికే పోతారు. నిజం చెప్పాలంటే ఆయన చేతిలో చెక్ బుక్ ఏం ఉండదు. పనికి సంతకం పెట్టేది కమిషనర్, డబ్బు కేటాయించేది కౌన్సిల్, స్టాండింగ్ కమిటీ. ఈయన చెయ్యగలిగింది కౌన్సిల్ మీటింగ్‌లో లేచి అడగడం, ఇంజనీర్ ఎంట పడడం, అంతే.

మనకీ పట్నానికీ రొండు పెద్ద తేడాలుండాయి. సర్పంచ్‌కి మనం నేరుగా ఓటేస్తాం. మేయర్‌కి ఊరోళ్లు ఓటెయ్యరు, కార్పొరేటర్లే ఎన్నుకుంటారు. ఎమ్మెల్యే, ఎంపీ లాంటోళ్లకి కూడా ఆ కౌన్సిల్‌లో ఓటుంటాది. రొండోది, పంచాయతీ ఎలక్షన్‌లో పార్టీ గుర్తులుండవు. అందుకే ఫలితాలొచ్చిన రోజు ఒకే సర్పంచ్‌ని రొండు పార్టీలూ మావోడేనని చెప్పుకుంటా ఉంటాయి. కార్పొరేటర్‌కి అట్ట కుదరదు. పార్టీ బీ-ఫారం ఇస్తేనే గుర్తు దక్కుతాది. అంటే మొదటి మెట్టు మీదే పార్టీ ముద్ర పడిపోతాది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, కింద మళ్లీ పనికొస్తాది.

ఇప్పుడు అనిల్ సంగతి. పల్లు డాక్టర్ చదువు చదివిన మనిషి. బీసీ, యాదవ కులం. పేరు మోసిన రెడ్డి కుటుంబాలు నడిపిన జిల్లా మనది. ఆనం, నేదురుమల్లి, మేకపాటి, నల్లపరెడ్డి. మన కోవూరు నియోజకవర్గమే తీసుకోండి, నల్లపరెడ్డి శ్రీనివాసులు రెడ్డి గారు, ఆ తర్వాత ఆయన కొడుకు ప్రసన్న కుమార్ రెడ్డి గారు, 2024లో ఆయన్ని ఓడించిన వేమిరెడ్డి ప్రశాంతి రెడ్డి గారు. ఇట్టాంటి జిల్లాలో బీసీ పిలగాడు నేరుగా ఎమ్మెల్యే టికెట్ అడిగితే నవ్వేవాళ్లు. అనిల్‌ది ఖాళీ చేతుల ఇల్లేం కాదు, టౌన్ రాజకీయాల్లో ఆ కుటుంబానికి పేరుంది. కానీ ఆ పేరు డివిజన్ దాటి పోవాలంటే ఒక కుర్చీ కావాలి. ఆ కుర్చీ కార్పొరేటర్ కుర్చీ. కాంగ్రెస్ తరఫున ఆడ కూర్చున్నాడు.

2009లో నియోజకవర్గాల పునర్విభజనతో పాత నెల్లూరు సీటు నగరం, రూరల్ అని రొండు ముక్కలైంది. కొత్త నగరం సీటుకి కాంగ్రెస్ టికెట్ అనిల్‌కి దక్కింది. అప్పటికి ఆయనకి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. ఎదురుగా ప్రజారాజ్యం నుంచి ముంగమూరు శ్రీధర కృష్ణారెడ్డి. అనిల్ ఓడాడు. ఎంత తేడాతోననుకున్నారు? వంద ఓట్లు కూడా లేవు. ఒక్క వీధి చాలు ఆ లెక్క మార్చను. ఊళ్లో వార్డు మెంబర్ ఎలక్షన్‌లో వచ్చే తేడా అది, అసెంబ్లీలో వచ్చింది.

ఈడ ఒకటి ఆలోచించండి. అంత దగ్గరికొచ్చి ఓడిపోయిన కుర్రోడికి తర్వాత ఏం దారి? మామూలుగా అయితే మళ్లీ కార్పొరేషన్‌లో నిలబడి గెలిచి, జనంలో ఉండి, వచ్చేసారికి సిద్ధం కావాలి. కానీ 2005లో ఎన్నికైన కౌన్సిల్ గడువు 2010లో అయిపోయింది. మళ్లీ ఎలక్షన్ జరిగింది 2014 మార్చి 30న. మధ్యలో దాదాపు నాలుగేళ్లు నెల్లూరుకి కౌన్సిల్ లేదు. స్పెషల్ ఆఫీసర్ పాలన. మళ్లీ 2014లో వచ్చిన కౌన్సిల్ 2019లో అయిపోయింది, తర్వాతి ఎలక్షన్ 2021 నవంబర్ 15న. ఇంకో రెండేళ్ల పైన ఖాళీ. మొత్తం కలిపి చూసుకోండి: 2010 నుంచి 2021 దాకా పదకొండేళ్లలో నెల్లూరుకి కార్పొరేటర్లు ఉండింది అయిదేళ్లు, లేంది ఆరేళ్లు.

74వ రాజ్యాంగ సవరణ చెప్పేదేమో గడువు తీరకముందే ఎలక్షన్ పెట్టాలని. అయిదేళ్లకి మించి ఒక్క రోజు కూడా కౌన్సిల్ నడపగూడదని. కాగితం మీద అంత గట్టిగా ఉండాది. మరి ఎట్ట ఆగిపోతాయి? ఒకసారి రిజర్వేషన్ల మీద కేసు, ఒకసారి డివిజన్ల విభజన మీద కేసు, ఒకసారి కరోనా. 2021 మార్చిలో రాష్ట్రంలో చానా కార్పొరేషన్లకి ఎలక్షన్ జరిగినా నెల్లూరుకి జరగలా. ప్రతిసారీ ఏదో ఒక కారణం ఉంటాది, ఏ పార్టీ ప్రభుత్వంలో ఉన్నా అంతే. ఓడిపోతానని భయమున్నోడికి కేసు ఒక వరం.

దీనివల్ల పోయేది ఎవరికి? ఎమ్మెల్యే కొడుకుకి ఏం పోదు. ఆయన నేరుగా అసెంబ్లీకి పోతాడు. పోయేది కింది మెట్టు తప్ప వేరే మెట్టు లేనోడికి. ఇరవై అయిదేళ్ల కుర్రోడు 2010లో నిలబడదామని చూసుంటే ఆయనకి అవకాశం వచ్చేసరికి దాదాపు ముప్పై. ఓడిపోతే ఇంకోసారి నిలబడేసరికి ముప్పై ఆరు. పెళ్లి, పిల్లలు, అప్పులు. అనిల్‌కి ఆ ఖాళీలో ఒక పెద్ద అల తగిలింది. జగన్ కొత్త పార్టీ పెట్టాడు, ఈయన ఎంట పొయ్యాడు. అందరికీ అట్ట అల తగలదు.

2014లో అదే ముంగమూరు మీద, ఆయన అప్పటికి తెలుగుదేశంలో ఉండాడు, 19 వేల పైచిలుకు ఓట్లతో అనిల్ గెలిచాడు. 2019 పోటీ మాత్రం చూడాల్సిన పోటీ. ఎదురుగా పొంగూరు నారాయణ. నారాయణ గారిది వేరే మెట్ల దారి. మన నెల్లూరాయనే. ట్యూషన్లతో మొదలుపెట్టి పెద్ద విద్యాసంస్థలు కట్టారు. 2014లో ఏ ఎలక్షన్‌లోనూ నిలబడకుండానే నేరుగా రాష్ట్రానికి మున్సిపల్ మంత్రి అయ్యారు, తర్వాత ఎమ్మెల్సీ. అంటే నెల్లూరు కార్పొరేషన్‌తో సహా రాష్ట్రంలో మున్సిపాలిటీలన్నీ ఆయన శాఖ కిందే. ఆయన మొదటిసారి జనం ముందుకొచ్చి ఓటడిగింది 2019లోనే. ఎదురుగా పాత కార్పొరేటర్.

తేడా 1,988 ఓట్లు. అనిల్ గెలిచాడు.

ఈ అంకెని డివిజన్లకి పంచి చూడండి. 54 డివిజన్లు నగరం, రూరల్ నియోజకవర్గాల మధ్య ఉంటాయి. నగరానికి సుమారుగా సగమనుకుంటే 27. డివిజన్‌కి డెబ్బై నాలుగు ఓట్లు. అంటే ఇరవై ఇళ్లు. ఎవురింట్లో ముసలాయనకి ఆపరేషన్ అయింది, ఎవురి పిల్లకి సీటు కావాల, ఏ సందులో రొండు కుటుంబాలకి పడదు, ఇట్టాంటివి తెలిసినోడికి ఆ ఇరవై ఇళ్లు దొరుకుతాయి. ఆ ఎలక్షన్‌లో జగన్ గాలి ఉంది, జిల్లాలో పదికి పది సీట్లూ ఆ పార్టీకే వచ్చాయి, ఆ మాట దాచేది లేదు. కానీ పదింట్లో నగరం సీటు ఇంత సన్నగా గెలిచింది, గాలి ఒక్కటే చాలదని అక్కడే తెలస్తాది. కింద పని చేసిన అలవాటు ఆ 1,988లో ఉండాదనేది నా లెక్క.

జూన్‌లో మంత్రి అయ్యాడు. జలవనరుల శాఖ. మొన్నటిదాకా కుళాయి నీళ్ల కోసం ఫోన్లు ఎత్తిన మనిషి పోలవరం గురించి మాట్లాడాల్సి వచ్చింది. 2021 డిసెంబర్‌కి పోలవరం పూర్తి చేస్తామన్నాడు, కాలా. మన పెన్నా మీద సంగం బ్యారేజీ, నెల్లూరు బ్యారేజీ రొండూ ఏళ్ల తరబడి సాగినవే, 2022 సెప్టెంబర్ 6న ప్రారంభమయ్యాయి. అప్పటికి ఆయన మంత్రి కాదు. ఏప్రిల్‌లో మంత్రివర్గం మారినప్పుడు పదవి పోయింది. పదవి ఇచ్చేదీ తీసేదీ ఒకే ఆయన చేతిలో ఉంటే అట్టే ఉంటాది.

మధ్యలో 2021 నవంబర్ కార్పొరేషన్ ఎలక్షన్ వచ్చింది. 54కి 54 వైసీపీకే. ఎనిమిది డివిజన్లలో పోటీనే లేదు, ఏకగ్రీవం. ప్రతిపక్షానికి సున్నా. అప్పుడు పేపర్లు తిరగేసి చూస్తే నెల్లూరులో తెలుగుదేశం ఇంక లేదనిపిస్తాది. రొండున్నరేళ్లకి, 2024 జూన్‌లో నగరం సీటులో నారాయణ గెలిచిన మెజారిటీ 72 వేలు దాటింది. పాత ఉమ్మడి జిల్లా మొత్తం పదికి పది ఈసారి అటు పొయ్యాయి. 54 మంది కార్పొరేటర్లు వాళ్ల వాళ్ల డివిజన్లలో ఏం చేస్తా ఉన్నట్టు?

నాకు తోచిన కారణాలు రొండు. ఒకటి, పోటీ లేకుండా గెలిచినోడికి ఓటర్ తెలీదు. ఇంటింటికీ తిరిగి, తిట్లు తిని, బతిమలాడి గెలిచినోడికి తెలస్తాది. అనిల్‌కి 2009 ఓటమి నేర్పింది ఆ ఎనిమిది మందికి ఎవురూ నేర్పలా. రొండోది, 2019లో సచివాలయాలు, వాలంటీర్లు వచ్చారు. పింఛను, రేషన్ కార్డు, సర్టిఫికెట్ అన్నీ వాళ్ల కాడే. పని జనానికి తేలికైంది, ఆ మాట నేను కాదనను, మా నాయనమ్మ పింఛను ఇంటికే వచ్చింది. కానీ కార్పొరేటర్‌కీ, మన వార్డు మెంబర్‌కీ, సర్పంచ్‌కీ జనంతో ఉండే దారం తెగిపోయింది. పని చెయ్యనోడి మాటకి ఓటు ఎందుకు పడతాది?

ఇంక 2024లో అనిల్‌కి ఏం జరిగిందో చూడండి. నరసరావుపేట ఎంపీ లావు శ్రీకృష్ణదేవరాయలు పార్టీ వదిలేస్తే, ఆ సీటుకి బీసీ అభ్యర్థి కావాలని అనిల్‌ని నెల్లూరు నుంచి తీసి పల్నాడులో నిలబెట్టారు. లక్షన్నరకి పైగా ఓట్ల తేడాతో ఓడాడు. ఈయన బలమంతా సందులు తెలియడం. సందులే తెలీని చోటికి పంపితే ఏం మిగుల్తాది? చేపని గట్టు మీద పెట్టి ఈదమన్నట్టు. పార్టీ ఆఫీసులో కూర్చోని రాష్ట్రం మ్యాప్ చూసేవాళ్లకి బీసీ అనే మాట కనబడింది, నెల్లూరు కనబళ్లా.

నెల్లూరు నగరంలో ఆయన చోట నిలబడింది ఖలీల్ అహ్మద్. ఆయనా కార్పొరేటరే, డిప్యూటీ మేయర్. అంటే మెట్టు పనిచేస్తానే ఉండాది, మనిషిని తెస్తానే ఉండాది. కానీ ఎలక్షన్‌కి కొద్ది నెలల ముందు పేరు చెప్పి, మున్సిపల్ మంత్రిగా చేసిన మనిషి మీదికి, గాలికి ఎదురు పంపితే 72 వేల తేడా అట్టే వస్తాది.

ఇంతకు ముందు అజీజ్ కథ కూడా ఇట్టాంటిదే. 2014లో వైసీపీ తరఫున గెలిచి మేయర్ అయిన అబ్దుల్ అజీజ్ తర్వాత తెలుగుదేశంలోకి పొయ్యారు. 2019లో నెల్లూరు రూరల్‌లో కోటంరెడ్డి శ్రీధర్ రెడ్డి మీద నిలబడి ఓడారు. ఇప్పుడా కోటంరెడ్డీ తెలుగుదేశమే. 2024 తర్వాత అజీజ్‌ని రాష్ట్ర వక్ఫ్ బోర్డు ఛైర్మన్ చేశారు. మేయర్ కుర్చీ నుంచి అసెంబ్లీకి పోయే దారి నెల్లూరులో ఇంకా ఎవురికీ సరిగ్గా పళ్లేదు.

2021లో మేయర్ పదవి ఎస్టీలకి రిజర్వ్ అయింది. పొట్లూరి స్రవంతి గారు మేయర్ అయ్యారు. రిజర్వేషన్ లేకపోతే నెల్లూరులో ఒక గిరిజన మహిళ ఆ కుర్చీలో కూర్చునే మాటే లేదు. యానాదులు ఇంత మంది ఉండే జిల్లా మనది, ఆ సంగతి చిన్నది కాదు. కానీ 2023లో కోటంరెడ్డి వైసీపీకి ఎదురు తిరిగినప్పుడు ఆమెని అందరూ అడిగిన ప్రశ్న ఏంది? "మీరు ఎవురి ఎంట?" అని. నగరం మొత్తానికి పెద్దామెని అడగాల్సిన ప్రశ్నేనా అది? కోటంరెడ్డి ఎంటేనని ఆమె చెప్పారు. కుర్చీ ఇచ్చింది చట్టం, కుర్చీలో కూర్చోబెట్టింది ఎమ్మెల్యే. ఈ రొండింటికీ మధ్య నలిగే మేయర్లు, సర్పంచులు మన రాష్ట్రంలో ఎంతమందో. పైన పార్టీ ముద్ర గురించి గుర్తు పెట్టుకోమన్నానే, అది ఇందుకే.

మేయర్ని దించాలంటే నాలుగేళ్లు ఆగాలి, చట్టం అట్ట ఉండాది. ఆ నాలుగేళ్లు 2025 మార్చిలో నిండేసరికి చానా చోట్ల కదలిక మొదలైంది. విశాఖలో 98 డివిజన్లుంటే 2021లో 58 వైసీపీ గెలిచింది. 2025 ఏప్రిల్ 19న అదే కౌన్సిల్ 74 ఓట్లతో వైసీపీ మేయర్‌ని దించేసింది. జనం మళ్లీ ఓటెయ్యలా, కార్పొరేటర్లే గట్టు మారారు. రాష్ట్రంలో ప్రభుత్వం మారితే కింద కౌన్సిల్ కూడా మారిపోతాదంటే, ఆడ వేసిన ఓటుకి విలువెంత అని విశాఖ ఓటర్ అడిగితే నా కాడ జవాబు లేదు. ఏ పార్టీ అధికారంలో ఉంటే ఆ పార్టీ ఈ పని చేస్తానే ఉండాది.

తెలంగాణలో ఈ మెట్టు ఇంకొంచెం గట్టిగా నిలబడిన ఊరు ఒకటుంది, కరీంనగర్. బండి సంజయ్ ఆడ కార్పొరేటర్. ఆయన మీద 2014, 2018, 2023 అసెంబ్లీ ఎలక్షన్లలో మూడుసార్లూ గెలిచిన గంగుల కమలాకర్ కూడా అదే మున్సిపల్ కౌన్సిల్ నుంచి వచ్చినోడే. గంగుల మంత్రి అయ్యాడు. అసెంబ్లీలో గెలవలేని సంజయ్ 2019లో ఎంపీ అయ్యాడు, 2024లో కేంద్ర మంత్రి. ఇద్దర్నీ వాళ్ల ఊరి నుంచి ఎవురూ పీకలా. ఓడినా ఆడే ఉండారు, గెలిచినా ఆడే. నెల్లూరుకీ కరీంనగర్‌కీ నాకు కనబడే తేడా అదే.

ఇప్పుడు మన ఊరి సంగతికి వద్దాం. అసెంబ్లీకి నిలబడాలంటే 25 ఏళ్లు నిండాలి. వార్డు మెంబర్, సర్పంచ్, ఎంపీటీసీ, కార్పొరేటర్, వీటన్నిటికీ 21 చాలు. రాజ్యాంగం మన వయసోళ్ల కోసం పెట్టిన తలుపు అదొక్కటే. ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే నిలబడగూడదనే పాత నిబంధన కూడా 2024 నవంబర్‌లో తీసేశారు. అది మన వయసుకి అంత పనికిరాదులే, కానీ ఇన్నాళ్లూ దాని పేరుతో నామినేషన్లు కొట్టేయించిన పెద్దోళ్ల ఆట కట్టింది. సగం సీట్లు ఆడోళ్లవి. ఇంట్లో చెల్లెలు డిగ్రీ చదివుంటే "మా ఆయన్ని అడగండి" అని చెప్పని మెంబర్ దొరికే అవకాశం ఉండాది, ముందు ఆమెని అడగండి.

గడువుల లెక్క కూడా చెప్తాను. పంచాయతీలకి కూడా ఈ ఖాళీ జబ్బు ఉండాది. 2013లో గెలిచిన సర్పంచుల గడువు 2018 ఆగస్టులో పోతే, మళ్లీ ఎలక్షన్ 2021 ఫిబ్రవరిలో. రొండున్నరేళ్లు మన ఊళ్లకి కూడా స్పెషల్ ఆఫీసర్లే. 2021లో గెలిచినోళ్ల అయిదేళ్లు ఆ ఏప్రిల్ నుంచి లెక్క, 2026 ఏప్రిల్‌కి నిండుతాయి. నెల్లూరు కార్పొరేషన్‌కి అదే ఏడాది నవంబర్. ఆ తేదీలు దాటి ఎన్ని నెలలు పొయ్యాయో ఎవురైనా లెక్క పెట్టుకోవచ్చు, దానికి పెద్ద చదువు అక్కర్లా.

ఓటర్ల జాబితా వార్డుల వారీగా పంచాయతీ ఆఫీసు కాడ అంటిస్తారు. చానామంది పిలగోళ్ల పేరు పక్క వార్డులో ఉంటాది, లేకపోతే నెల్లూరులో హాస్టల్ అడ్రస్‌కి మారిపొయ్యుంటాది. నామినేషన్ ఎయ్యాలంటే ఆ పంచాయతీ జాబితాలో పేరుండాలి, లేకపోతే పరిశీలన రోజు కాగితం ఎనక్కి ఇచ్చేస్తారు.